ఇంజన్ ఆయిల్ మన చేతులతో

పదేళ్లు దాటిన డీజిల్ కారు ఇంట్లో ఉంటే, దాని ఇంజన్ ఆయిల్‌ను ఒక్కసారైనా మీ చేతులతో మీరే మార్చండి. డబ్బు మిగులుతుందని చెప్పడం లేదు. ఎంతో కొంత మిగులుతుంది, నిజమే. కానీ అదొక్కటే లాభమైతే దీనికోసం ఒక అధ్యాయం కేటాయించేవాణ్ని కాదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని రాత్రిపూట హైవే మీద వెళ్తుంటాం. అందరి ప్రాణాలూ మోస్తున్న ఆ యంత్రం గురించి మనకు తెలిసిందల్లా తాళం తిప్పడం, స్టీరింగ్ పట్టుకోవడం, బంకులో డీజిల్ పోయించుకోవడం. తెలియనితనం ఊరికే ఉండదు, భయంగా మారుతుంది. కొత్త శబ్దం వినిపిస్తే గుండె గుభేలుమంటుంది. మెకానిక్ ఏదో పార్టు పేరు చెబితే తల ఊపేస్తాం. బిల్లు చేతికొచ్చాక అనుమానపడతాం. ఆయన నిజాయితీపరుడే కావచ్చు, ఆ సంగతి తేల్చుకునే దారి మన దగ్గర ఉండదు.

ఈ భయం ఎవరో ధైర్యం చెబితే పోయేది కాదు. ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా స్వయంగా చేస్తే పోతుంది. అందుకు ఆయిల్ మార్చడం సరిగ్గా సరిపోతుంది. ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం వేళకు పూర్తవుతుంది. ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. విప్పి మళ్లీ బిగించాల్సినవి ముఖ్యంగా రెండే: కింద ఒక బోల్టు, పక్కనో పైనో ఒక ఫిల్టర్. వరస తప్పకుండా చేస్తే ఎవరైనా చేయగలరు. తొందరపడితే మాత్రం ఇంజన్‌కే ముప్పు వస్తుంది. చేతనయ్యేంత చిన్నదిగానూ, శ్రద్ధ పెట్టకపోతే కుదరనంత పెద్దదిగానూ ఉన్న పనులే మనిషికి మంచి శిక్షణ ఇస్తాయని నా నమ్మకం.

మన ఊళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. పొలాలకు కరెంటు రాకముందు బావుల మీద ఆయిల్ ఇంజన్లు నడిపిన రైతులు హ్యాండిల్ తిప్పే ముందు ఆయిల్ ఎంతుందో చూసుకునేవాళ్లు. ఇవాళ ట్రాక్టర్ ఉన్న రైతుల్లోనూ ఆయిల్, ఫిల్టర్లు సొంతంగా మార్చుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. బండి ఆగిపోతే నాట్లు ఆగిపోతాయని తెలిసినవాళ్లు కాబట్టి దాన్ని పూర్తిగా ఇంకొకరి చేతిలో పెట్టలేదు. చదువుకుని, పట్నం వచ్చి, కారు కొన్నాక మనమే ఆ అలవాటు వదులుకున్నాం.

ఆయిల్ ఎందుకు నల్లబడుతుంది

మాటల్లో కాకుండా ఒక ఇంజన్‌ను ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుందాం. ఫియట్ మల్టీజెట్ డీజిల్, 1248 సీసీ. మారుతి దీన్ని డీడీఐఎస్ పేరుతో స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగాల్లో పెట్టింది. టాటా ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ అనే పేరుతో వచ్చింది. ఫియట్ సొంత కార్లు పుంటో, లీనియాల్లో సరేసరి. ఇన్ని కంపెనీల కార్లను ఇదే నడిపింది కాబట్టి దీనికి నేషనల్ ఇంజన్ అని పేరు పడిపోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్ల తయారీ ఆపేసింది. అంటే ఇప్పుడు మన రోడ్ల మీద కనిపించే మారుతి డీజిల్ కారు ఏదైనా కొంత వయసు మీద పడినదే.

ఈ ఇంజన్‌కు పట్టే ఆయిల్ సుమారు మూడు లీటర్లు. ఆ మూడు లీటర్లు చేసే చాకిరీ చూడండి. నిమిషానికి వేల చుట్లు తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కూ బేరింగులకూ మధ్య పలచని పొరగా నిలబడి లోహం లోహాన్ని తాకకుండా ఆపుతుంది. పిస్టన్ల వేడిని లాగేస్తుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో ఇరుసు ఆయిల్ పొర మీదే తేలుతూ తిరుగుతుంది. టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టుకునే టెన్షనర్ కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. లెవెల్ తగ్గినా, ఆయిల్ పాడైనా ఈ ఇంజన్లలో ముందు చైన్ దగ్గర గలగలా శబ్దం మొదలయ్యేది అందుకే.

డీజిల్ మండినప్పుడు పెట్రోల్ కంటే ఎక్కువ మసి వస్తుంది. కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగు ఎలా నల్లబడుతుందో సిలిండర్ గోడలూ అలాగే నల్లబడతాయి. పిస్టన్ రింగులు ఆ మసిని గీకి ఆయిల్‌లోకి దించుతాయి. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకే పంపే ఈజీఆర్ వాల్వ్ ఉన్న కార్లలో ఈ మసి ఇంకా ఎక్కువ. డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలిపే రసాయనాలు మసి రేణువులను ఒకదానికొకటి అంటుకోనివ్వకుండా విడివిడిగా తేలేలా చూస్తాయి. అందుకే కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే డిప్ స్టిక్ నల్లగా కనిపిస్తుంది. కంగారు పడకండి. ఆయిల్ మసిని మోస్తోందంటే తన పని తాను చేస్తోందనే అర్థం. మోసే శక్తి అయిపోయాక వస్తుంది చిక్కు. మసి ముద్దకట్టి, ఆయిల్ చిక్కబడి, సన్నని దారుల్లో పేరుకుంటుంది.

ఇంకో శత్రువు ఆమ్లం. డీజిల్‌లోని గంధకం మండి ఆమ్లంగా మారి ఆయిల్‌లో చేరుతుంది. దాన్ని విరిచే క్షార గుణం కొత్త ఆయిల్‌లో పుష్కలంగా ఉంటుంది, వాడేకొద్దీ హరించుకుపోతుంది. బీఎస్3 డీజిల్‌లో గంధకం 350 పీపీఎం దాకా ఉండేది. 2017లో దేశమంతటా బీఎస్4 వచ్చాక 50కి, 2020లో బీఎస్6తో 10కి తగ్గింది. పాత కారుకు కూడా ఇప్పుడు బంకులో దొరికేది శుభ్రమైన డీజిలే. కాబట్టి ఆమ్లం బాధ బాగా తగ్గింది, మసి బాధ అలాగే ఉంది.

మరి ఎప్పుడు మార్చాలి? చాలా మాన్యువల్స్ చెప్పేది పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఇందులో రెండో మాటను జనం పట్టించుకోరు. "మూడు వేలే తిరిగింది కదా, ఇంకెందుకు" అంటారు. రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి బడి దగ్గర ఆగిపోయే కారు ఇంజన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోదు. తక్కువ తిరిగే కారు ఆయిల్ కూడా ముసలిదవుతుంది. దుమ్ము రోడ్లు, ట్రాఫిక్‌లో గంటల తరబడి నడక, నిండా లోడు, వీటిలో ఏది ఉన్నా గడువు కంటే ముందే మార్చడం మంచిది.

షాపులో అడగాల్సింది

షాపుకు వెళ్లే ముందు మాన్యువల్‌లో రెండు వివరాలు రాసుకోండి: ఆయిల్ గ్రేడ్, పరిమాణం. 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 అని డబ్బా మీద కనిపించేదే గ్రేడ్. మొదటి అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో, రెండోది వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. పాతకాలపు పెద్ద డీజిల్ ఇంజన్లకు 15డబ్ల్యూ-40 అలవాటు. తర్వాత వచ్చిన చిన్న కామన్ రైల్ ఇంజన్లకు పలచటి ఆయిల్ కావాలి. "మన దగ్గర ఎండలెక్కువ, చిక్కటిది పోస్తే మంచిది" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. బేరింగుల సందులు, టర్బోకు వెళ్లే సన్నటి దారి ఏ ఆయిల్‌కు తగ్గట్టు చేశారో అదే పోయాలి.

గ్రేడ్ ఒక్కటే చూసి డబ్బా తీసుకోకూడదు. వెనక చిన్న అక్షరాల్లో ఏపీఐ ప్రమాణం ఉంటుంది. ఎస్ అక్షరంతో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజన్లకు, సీతో మొదలయ్యేవి డీజిల్‌కు. సీఐ-4 లాంటివి అలా వచ్చినవే. రెండూ ఉన్న డబ్బాలూ దొరుకుతాయి. యూరప్ ప్రమాణాన్ని ఏసీఈఏ అంటారు. మాన్యువల్ ఏది అడిగితే దాన్ని సరిపోల్చుకోండి. పొగ గొట్టంలో మసి వడపోసే డీపీఎఫ్ ఉన్న కారుకైతే బూడిద తక్కువ వచ్చే ఆయిలే వాడాలి. లేకపోతే ఆ ఖరీదైన ఫిల్టర్ పూడుకుపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో పార్టుల షాపుకు వెళ్లి "అన్నా, డిజైర్ డీజిల్‌కి ఆయిల్ ఫిల్టర్ ఇవ్వండి" అంటే, "ఏ మోడల్ సార్, ఏ ఇయర్?" అని అడుగుతారు. ఆర్‌సీ ఫోటో ఫోన్లో ఉంచుకోండి. ఫిల్టర్‌తో పాటు డ్రెయిన్ బోల్టుకు వేసే కొత్త వాషర్ అడిగి తీసుకోండి. అది రాగిదో అల్యూమినియందో, చిన్నది, కారుచౌక. బోల్టు బిగించినప్పుడు కొద్దిగా నలిగి సందు మూసేది అదే. ఒకసారి నలిగింది మళ్లీ అంత బాగా నలగదు. చుక్కచుక్కగా ఆయిల్ కారే పాత కార్లలో చాలావాటి రోగం ఈ వాషర్ మార్చకపోవడమే.

నకిలీ ఆయిల్ గురించి ఒక మాట. సీలు, బ్యాచ్ నంబరు చూసి, బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి. ఖాళీ అయిన డబ్బాను పాత సామాన్లవాడికి అలాగే ఇవ్వకండి. స్క్రూడ్రైవర్‌తో పెద్ద కన్నం పొడిచి ఇవ్వండి. ఆ డబ్బాలోనే ఇంకెవరో నకిలీ సరుకు నింపి అమ్మకుండా మీ వంతుగా చేయగల సాయం అది.

కారు కిందికి వెళ్లే ముందు

ఈ భాగం రెండుసార్లు చదవండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి తల పెట్టకూడదు. టైరు మార్చడానికి ఇచ్చిన జాకీ కారును కాసేపు ఎత్తి పట్టడానికే పనికొస్తుంది. దాని కింద మనిషి ఉన్నప్పుడు జారితే తప్పించుకునే సమయం ఉండదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు కూడా వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. జాకీ స్టాండ్లు ఒక జత కొనండి, లేదా ముందు చక్రాలు ఎక్కించే ర్యాంపులు వాడండి. నేల సమంగా, గట్టిగా ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో ఉంచి, వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టండి. జాకీ ఎక్కడ పెట్టాలో, స్టాండ్ ఎక్కడ ఆనించాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. స్టాండ్ల మీద కూర్చున్నాక కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే దించి మళ్లీ మొదటి నుంచి పెట్టండి. ఇంట్లో ఒకరికి మీరు కారు కింద ఉన్నారని చెప్పి ఉంచండి.

చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. "మెకానిక్కులు వేసుకుంటున్నారా?" అని అడుగుతారు కొందరు. వాళ్లూ వేసుకోవాల్సిందే. వాడిన ఇంజన్ ఆయిల్‌లో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. ఏళ్ల తరబడి చర్మానికి తగలడం ప్రమాదమని తేలిన విషయం.

పనికి ముందు కారును పది నిమిషాలు నడిపి తీసుకురండి. వేడెక్కిన ఆయిల్ పలచబడి, అడుగున పేరుకున్న మసిని వెంటబెట్టుకుని దిగుతుంది. అయితే ఆ వేడిలోనే బోల్టు విప్పకండి. పూర్తిగా కాగిన ఆయిల్ మరిగే నీళ్లంత వేడిగా ఉండి చర్మం ఊడదీస్తుంది. ఒక పావుగంట ఆగి, గోరువెచ్చగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

బోల్టు వదిలాక

బానెట్ ఎత్తి ఆయిల్ పోసే మూత వదులు చేయండి, డిప్ స్టిక్ కొద్దిగా పైకి లాగి ఉంచండి. గాలి లోపలికి వెళ్తేనే ఆయిల్ ధారగా దిగుతుంది. మల్టీజెట్ లాంటి ఇంజన్లలో ఫిల్టర్ విడి డబ్బాగా ఉండదు. ప్లాస్టిక్ మూత ఉన్న గిన్నెలో కాగితపు ఫిల్టర్ కూర్చుని ఉంటుంది. ఆ మూతను ముందే వదులు చేస్తే గిన్నెలోని ఆయిల్ కూడా కిందికి దిగిపోతుంది.

ఇప్పుడు కారు కింద. ఇంజన్ అడుగున ఉన్న చాంబర్‌కు డ్రెయిన్ బోల్టు ఉంటుంది. ప్లాస్టిక్ అడ్డు షీటు ఉంటే ముందు దాన్ని విప్పాలి. గేర్‌బాక్స్‌కూ ఇలాంటి బోల్టే ఉంటుంది. కొత్తవాళ్లు పొరపాటున దాన్ని విప్పుతారు. డీజిల్ ఇంజన్‌లో తేడా పట్టడం తేలిక: ఇంజన్ ఆయిల్ ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. కొద్ది చుక్కలు తేటగా, ఘాటు వాసనతో వచ్చాయంటే అది గేర్ ఆయిల్, వెంటనే బిగించేయండి.

బోల్టు తలకు పానా సరిగ్గా పట్టాలి. వదులుగా పట్టే పానాతో లాగితే అంచులు అరిగి, తల గుండ్రంగా అయిపోతుంది. రింగ్ పానా గానీ సాకెట్ గానీ వాడండి. వెల్లకిలా పడుకుని బోల్టును కింద నుంచి చూస్తున్నప్పుడు అపసవ్యంగా తిప్పితే వదులవుతుంది. మొదటి కుదుపుకు వదలగానే పానా పక్కన పెట్టి వేళ్లతో తిప్పండి. తిప్పుతూనే బోల్టును పైకి నొక్కి పట్టుకోండి. మరలు అయిపోయాక కూడా ఆయిల్ రాకుండా ఆగి ఉంటుంది. అప్పుడు ఒక్కసారిగా చెయ్యి పక్కకు తీసేయాలి.

ధార మొదట సూటిగా కిందికి రాదు. లోపలున్న బరువుకు ముందుకు చిమ్ముతూ అడుగున్నర దూరంలో పడుతుంది. ఆయిల్ తగ్గేకొద్దీ ధార వెనక్కి జరుగుతూ బోల్టు కన్నం కిందికి వస్తుంది. అందుకే వెడల్పైన టబ్ కావాలి, దాన్ని మొదట కాస్త ముందుకు పెట్టి, తర్వాత వెనక్కి జరుపుకోవాలి. ధార దారంగా, దారం చుక్కలుగా మారేదాకా ఆగండి. ఇక్కడ తొందరపడేవాళ్లు లోపల పాత ఆయిల్ వదిలేసి కొత్తది పోసుకుంటారు.

ఆగిన ఆ పది, పదిహేను నిమిషాలే ఈ పని మొత్తంలో విలువైనవని నా అభిప్రాయం. టార్చి వేసి ఇంజన్ అడుగు భాగమంతా చూడండి. యాక్సిల్ రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు బయటికి చిమ్మిందా? కూలెంట్ పైపు దగ్గర తెల్లని మరక ఉందా? సైలెన్సర్ క్లాంపు తుప్పు పట్టిందా? ఏడాదికోసారి యజమాని కళ్లు అక్కడ పడితే, రోడ్డు మీద ఆగిపోయే చాలా అవస్థలు ముందే తెలుస్తాయి. తర్వాత పాత ఆయిల్‌ను చూడండి. నల్లగా, నున్నగా ఉంటే మామూలే. పాలు కలిపినట్టు గోధుమరంగులో నురగ ఉంటే కూలెంట్ కలుస్తోంది. ముతక డీజిల్ వాసన వస్తూ, మార్చకముందు డిప్ స్టిక్ మీద లెవెల్ పెరిగి ఉంటే ఇంధనం ఆయిల్‌లోకి దిగుతోంది. బోల్టు కొనకు వెండి రజను లాంటి లోహపు పొడి ముద్దగా అంటితే లోపల ఏదో భాగం అరుగుతోంది. ఈ మూడిట్లో ఏది కనిపించినా పని ముగించి నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. "అన్నా, ఆయిల్ లెవెల్ పెరిగింది, డీజిల్ వాసన వస్తోంది, ఇంజెక్టర్లు ఒకసారి చూడండి" అని మీరు చెప్పగలిగితే ఆయన కూడా మీతో మరోలా మాట్లాడతాడు. చేతిపని విలువ తెలిసిన కస్టమర్‌ను మంచి మెకానిక్ గౌరవిస్తాడు.

బోల్టు తుడిచి, కొత్త వాషర్ వేసి, ముందు వేళ్లతోనే బిగించండి. మొదటి చుట్లు వేళ్లకు బిగుసుకుంటున్నాయంటే మరలు అడ్డంగా పట్టాయి. తీసి మళ్లీ పెట్టండి. చాలా ఇంజన్లలో చాంబర్ అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. బలవంతం చేస్తే ఓడిపోయేది అల్యూమినియమే, తర్వాత చాంబర్ మార్చాలి. ఎంత బిగించాలో మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఉంటుంది. అంతకు సెట్ చేసుకునే టార్క్ రెంచ్ ఉంటే మంచిది. లేకపోతే పొట్టి పానాతో, ఒంటి చేత్తో, వాషర్ నలిగి గట్టిపడ్డట్టు తెలిసేదాకా చాలు. పానాకు పైపు తగిలించి బిగించే అలవాటు ఎవరికున్నా మాన్పించండి.

ఫిల్టర్‌కూ ఇదే ఓపిక కావాలి. డబ్బా రకం ఫిల్టర్ అయితే పాతదాని రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. పాత రింగు మీద కొత్త రింగు కూర్చుంటే స్టార్ట్ చేయగానే ఆయిల్ మొత్తం చిమ్మేస్తుంది. కొత్త రింగుకు కొత్త ఆయిల్ రాసి, చేత్తో బిగిస్తే చాలు. కాగితపు ఫిల్టర్ అయితే మూతకున్న ఓ-రింగులన్నీ మార్చాలి. పాత ఓ-రింగును కొత్తదాని పక్కన పెట్టి చూడండి. కొత్తది నిండుగా గుండ్రంగా, వేలి కింద మెత్తగా ఉంటుంది. పాతది ఒక వైపు చదునై, గట్టిపడి, మడిస్తే సన్నగా చీలికలు కనిపిస్తాయి. ఏడాది పాటు వేడిలో అది మోసిన బరువు కంటికి కనిపిస్తుంది.

పోయడం, స్టార్ట్ చేయడం

మాన్యువల్ చెప్పిన పరిమాణం కంటే అర లీటరు తక్కువ పోసి, కొన్ని నిమిషాలు ఆగి డిప్ స్టిక్ చూడండి. తక్కువైతే చెడ్డదని అందరికీ తెలుసు. ఎక్కువైనా చెడ్డదని తెలిసినవాళ్లు తక్కువ. లెవెల్ పై గీత దాటి బాగా పెరిగితే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగతో ప్రెషర్ నిలవదు. డీజిల్‌కు ఇంకో ప్రమాదం ఉంది. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టం గుండా గాలి దారిలోకి చేరితే ఇంజన్ దాన్నే ఇంధనంగా మండించుకుంటూ పరుగు అందుకుంటుంది. తాళం తీసేసినా ఆగకపోవచ్చు. కాబట్టి కింది గీతకూ పై గీతకూ మధ్య, పై గీతకు దగ్గరగా ఆపండి.

ఇప్పుడు గేర్‌ను న్యూట్రల్‌కు తెచ్చి, స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా ఐడిల్‌లో ఉంచండి. కొత్త ఫిల్టర్ నిండి, టర్బో దాకా ఆయిల్ చేరడానికి కాస్త సమయం పడుతుంది. ఆ లోపు రేస్ చేస్తే టర్బో ఇరుసు ఆయిల్ లేకుండా పొడిగా తిరుగుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ డబ్బా గుర్తు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరిపోతే రెండు మూడు నిమిషాలు నడవనిచ్చి, బోల్టు దగ్గర, ఫిల్టర్ దగ్గర తడి ఉందేమో చూడండి. ఇంజన్ ఆపి, కారును స్టాండ్ల మీంచి సమమైన నేల మీదికి దించి, పది నిమిషాల తర్వాత డిప్ స్టిక్ మళ్లీ చూసి, కావలసినంత పోయండి. ఆయిల్ మార్చుకునే గుర్తు స్క్రీన్ మీద వచ్చే కారైతే దాన్ని రీసెట్ చేయండి. మర్నాడు ఉదయం కారు కింద నేలను ఒకసారి చూడండి. పొడిగా ఉంటే పని పూర్తయినట్టు.

పాత ఆయిల్ మీ బాధ్యతే

పల్లెల్లో పాత ఆయిల్‌ను బండి చక్రాలకు, దూలాలకు, చెదలు పట్టకుండా తలుపులకు పూసే అలవాటు ఉంది. పశువుల పుండ్ల మీద రాసేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ మానేయాలి. ఆ విషం మన చేతులకు, పశువుల నోటికి, నేలకు చేరుతుంది. కాలవలో పోయడం, మట్టిలో పోసి కప్పెట్టడం, పొయ్యిలో మండించడం ఇంకా పెద్ద తప్పు. కొద్ది లీటర్ల ఆయిల్ నీళ్ల మీద పరుచుకుంటే ఎంతో మేర చెరువు పాడవుతుంది. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. దాన్ని శుద్ధి చేసి మళ్లీ ఆయిల్‌గా మార్చే పరిశ్రమలు ఉన్నాయి. టబ్‌లోని ఆయిల్‌ను గట్టి మూత ఉన్న క్యాన్‌లోకి వంపి, పాత ఫిల్టర్‌ను ఒక రాత్రంతా బోర్లించి కార్చి, రెండూ వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. పెద్ద వర్క్‌షాపులు డ్రమ్ముల్లో నిల్వ చేసి అనుమతి ఉన్న శుద్ధి యూనిట్లకు పంపుతాయి. మీరు ఇచ్చేది అలా వెళ్తుందో లేదో అడగండి. అడగడం మీ హక్కు. ఆయిల్ తుడిచిన బనియన్ గుడ్డలను కూడా ఇంటి చెత్తలో కలపకుండా వాళ్లకే ఇవ్వండి.

చివరిగా ఒక నోటు పుస్తకం. తేదీ, మీటర్ రీడింగ్, పోసిన ఆయిల్ పేరు, గ్రేడ్, ఎంత పట్టింది, ఫిల్టర్ కంపెనీ, కారు కింద కనిపించినవి, అన్నీ రాసి, బిల్లులు అందులోనే అంటించండి. రెండో ఏడాది ఆ పేజీ చూస్తే ఎక్కడ తేడా వస్తోందో తెలుస్తుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగిశాక ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లాల్సి వస్తుంది. పుస్తకం రాస్తూ వచ్చినవాళ్లకు ఆ రోజున తమ కారు స్థితి గురించి ఇంకొకరిని అడగాల్సిన పని ఉండదు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే ఆ పుస్తకం వాళ్ల చేత రాయించండి, టార్చి వాళ్ల చేత పట్టించండి. అబ్బాయిలకే కాదు, రేపు కారు నడపబోయే అమ్మాయికి ఇది ఇంకా అవసరం.

బోల్టు మరలు ఊడినా, ఫిల్టర్ మూత పగిలినా, కారును భద్రంగా ఎత్తే వీలు మీ ఇంటి దగ్గర లేకపోయినా ఈ పని సొంతంగా చేయకండి. వర్క్‌షాపులో మెకానిక్ పక్కనే నిలబడి, ఇక్కడ చెప్పినవన్నీ జరుగుతున్నాయో లేదో చూడండి. అదీ నేర్చుకోవడమే.

ఆయిల్ మార్చే గడువు ఇంకా రాలేదా? అయినా రేపు ఉదయం, కారు స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తండి. డిప్ స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి తీయండి. లెవెల్ ఎక్కడుందో ఆ నోటు పుస్తకం మొదటి పేజీలో, తేదీ వేసి రాయండి.